సముద్రం దాటినా అడిగే మాట

2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. కులం సంగతి అక్కడ ఎత్తాలని మావోళ్లతో నేనూ పోయాను. కులం జాతి కాదు, అది మా ఇంటి విషయం అన్నది భారత ప్రభుత్వం వాదన. ఏ ఇల్లు? తెనాలికీ బాపట్లకీ మధ్యనున్న చుండూరా? సినిమాహాల్లో కాలు తగిలిందన్న కాడ మొదలైన తగువు, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికేదాకా పోయిందక్కడ.

ఆ డర్బన్‌కే 1860లో మద్రాసు నుంచి కూలీల ఓడ పోయింది. ఓడల చిట్టాల్లో పేరుతోపాటు కులమూ రాశారు. కులం లేకుండా సముద్రం కూడా దాటనివ్వలేదన్నమాట!

అక్కడి నల్లవాళ్లెవరూ నన్ను కులం అడగలేదు. అడిగింది మన తెలుగాయనే, తెనాలి ఆయన. “రేపల్లెలో ఎక్కడండీ మీరు?” మాలపల్లె అన్నాను. టీ గ్లాసు పట్టుకుని ఇంకో బల్ల కాడికి పోయాడు.

చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు శిక్షపడ్డ వాళ్లందర్నీ వదిలేసింది.