ఏలిక చూచుచుండగా పెరిగిన సేన

హాలీ సిక్కా నాణెముగా, కరోడ్‌గిరి నాకా సరిహద్దుగా ఒకప్పుడు వేరు రాజ్యమై యుండిన యీ సీమకు కృష్ణాతీరమునుండి వచ్చి స్టేషన్ ఘన్‌పూర్‌లో స్థిరపడిన నన్ను మీరు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: సైన్యమును పోలీసులును గల నైజాము ప్రభుత్వముండగా ఒక పక్షమువారి స్వచ్ఛంద దళము పల్లెలనెట్లు హడలగొట్టగలిగినది? నాడు సరిహద్దు దాటి బెజవాడ చేరిన కుటుంబములకు మీ పెద్దలు అన్నము పెట్టిరి గనుక, సమాధానము వినుటకు మీకు హక్కు కలదు.

1927లో మతసాంస్కృతిక సంస్థగా పుట్టిన మజ్లిస్-ఇ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్, బహదూర్ యార్ జంగ్ వాక్పటిమచే రాజకీయ పక్షమైనది. 1944లో ఆయన మరణింపగా, 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ అధ్యక్షుడైన పిమ్మట కవాతుచేయు స్వచ్ఛంద దళమగు రజాకార్లే దానికి బలమైరి.

అయినను కవాతుచేతనే పల్లెలు లొంగవు. మా సమీపముననున్న కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్యను కాల్చిచంపినది విసునూరు దేశముఖు మనుషులు. వెట్టిని ధిక్కరించిన రైతులను అణచుటకు తమ గూండాలు చాలని దొరలకు రజాకార్లు అక్కరకు వచ్చిరి. గడీలు వారికి విడిదులైనవి. ఇటలీలో పో నదీమైదానపు భూస్వాములు రైతుసంఘములను చితుకగొట్టుటకు ముస్సోలినీ నల్లచొక్కాలవారిని పోషించిన వైనము చదివినప్పుడు నాకీ గడీలే కన్నులఁ గట్టినవి. 1922 అక్టోబరులో ఆ మూకలు రోముపై నడచిరాగా రాజు సైనికశాసనముపై సంతకము చేయడాయెను.

సరిగా ఇరువదియైదేండ్లకు, 1947 అక్టోబరు 27 వేకువను, భారత ప్రభుత్వముతో యథాతథ ఒడంబడికకై ఢిల్లీకి బయలుదేరనున్న నిజాము ప్రధాని ఛత్తారీ నవాబు, ఆయన తోడి ప్రతినిధులగు మాంక్టన్, సుల్తాన్ అహమ్మదుల యిండ్లను మజ్లిసు పక్షపు జనము వేలకొలదిగా ముట్టడించెను. పోలీసులు అడ్డుకొనలేదు. ప్రయాణము నిలిచిపోయెను, ఛత్తారీ పదవి విడిచెను. నవంబరు 29న ఇంచుమించు ఆ ఒడంబడికనే నిజాము అంగీకరించెను. కాని రాజ్యమెవరిదో ఆ అక్టోబరు వేకువనే తేలిపోయినదని నా నిశ్చితాభిప్రాయము. ఆపైన లాయక్ అలీ ప్రధాని యయ్యెను.

పర్యవసానమును బైరాన్‌పల్లి బురుజు నేటికిని చూపుచున్నది. దానిపై కావలి కాచి, బర్మార్ తుపాకులతోను వడిసెలలతోను గ్రామస్థులు రజాకార్లను పలుమారులు తరిమిరి. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు ఒంటరిగా రాలేదు. సర్కారు బలగములు వెంటవచ్చినవి. బురుజును పగులగొట్టి, పట్టుబడినవారిని వరుసగా నిలిపి కాల్చిరి. హతులు 80 మందికి పైగానే.

ఇది ముస్లిములెల్లరి పాపమని తలచువారు షోయబుల్లాఖానును స్మరింపవలెను. రజాకార్లను తన ‘ఇమ్రోజ్’ పత్రికలో ఎదిరించిన ఆ యువసంపాదకుని ఆగస్టు 22 రాత్రి హైదరాబాదు వీథిలో, చేయి నరికి, చంపిరి. సెప్టెంబరు 13న ప్రవేశించిన భారతసైన్యము ఐదు దినములలో పని ముగించినది. పిదప, విశేషించి మరాఠీ, కన్నడ జిల్లాలలో, ప్రతీకారమునకు బలియైన నిరపరాధ ముస్లిముల సంఖ్య తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉండునని భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము అంచనా వేసినది. ఇదియు మీ పిల్లలకు చెప్పుడు.

రజ్వీ చెరసాలలో కొన్నేండ్లుండి 1957లో పాకిస్తాను చేరెను. రజాకార్లకు విడిదులిచ్చిన దొరలలో పెక్కురు మాత్రము ఖద్దరు ధరించి, సైన్యము వెంట, తమ గడీలకే తిరిగివచ్చి, రైతులు పంచుకొనిన భూములను మరల లాగుకొనిరి.