ఆళ్లగడ్డ లింగశిల్పము – ఆకృతివిచారము

నంద్యాలకుఁ జేరువనున్న మహానందిలింగము స్వయంభువని ప్రసిద్ధి. దాని యాకారము మనుష్యకల్పితము గాదు. ఆళ్లగడ్డ శిల్పులు మలచు లింగములన్ననో మానుషములు. శాస్త్రానుసారముగా నిట్టి లింగమునకు మూఁడు భాగములు: అడుగునఁ జతురస్రమగు బ్రహ్మభాగము, నడుమ నష్టాస్రమగు విష్ణుభాగము, పైని వృత్తమగు రుద్రభాగము. చతురస్రశిలకు మూలలు చెక్కఁగా నష్టాస్రమును, మరలఁ జెక్కఁగా షోడశాస్రమును, తుదకు వృత్తమును సిద్ధించును.

అమెరికాదేశమున 1960వ సంవత్సరము తరువాత డొనాల్డు జడ్డు మొదలగువారు శిల్పమునుండి ప్రతిమను, నలంకారమును, గథను దొలఁగించి శుద్ధాకృతులనే నిలిపిరి. టోనీ స్మిత్తు 1962లోఁ గల్పించిన శిల్పము ప్రతిదిక్కునను నాఱడుగులు గల యుక్కు సమఘనము. ఈ మార్గమునకు మినిమలిజమని పేరు.

ఆకృతిసామ్యమునుబట్టి యీ రెంటిని నొకటిగా నెంచరాదు. వారి మతమునఁ గంటికిఁ గనఁబడునదియే సర్వము. దానివెనుక నర్థాంతరము లేదు. లింగమునందో, చతురస్రాష్టాస్రములు పీఠమున మఱుఁగుపడి వృత్తభాగ మొకటియే కనఁబడును. వ్యాకరణమున లోపించిన ప్రత్యయము కనఁబడకున్నను దన కార్యమును జరుపును. అట్లే మఱుఁగైన యీ భాగములే లింగమును నిలుపుచున్నవి. లింగశబ్దమునకు గుర్తనియే కదా యర్థము! కావున నాళ్లగడ్డ లింగమును మినిమలిజమనువారు మూఁటిలో నొక భాగమునే చూచినవా రగుదురు.