నూట యాభై గజాలలో ఇరవై మీటర్ల తీగ

ఔత్సాహిక రేడియో, అనగా హామ్ రేడియో గురించి తెలుగులో వచ్చిన రాతలు తక్కువ. వచ్చినవాటిలోనూ యంత్రం గురించే ఎక్కువ. యంత్రం వెనుకనుండి బయలుదేరి, కిటికీ చువ్వల మధ్యగా పెరటిలోకి పోయి, వేపకొమ్మకు వ్రేలాడే తీగను గురించి ఎవరైనా రాసినట్టు నా కంట పడలేదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సంబంధించినంతవరకు అసలు చరిత్ర ఆ తీగదేనని నా అభిప్రాయం. (2016లో ఇవి ఎనిమిది జిల్లాలైనాయి. ఈ టపాలో పాత హద్దులనే పాటిస్తున్నాను.)

లెక్కలంటే విసుగుపడే చదువరులు మన్నించాలి, ఒక్కటే లెక్క. 143ను మెగాహెర్ట్‌జులలోని పౌనఃపున్యంతో భాగిస్తే అర్ధతరంగ డైపోలు పొడవు మీటర్లలో వస్తుంది. మన దేశపు హాములు పగటిపూట తమలో తాము మాట్లాడుకోవడానికి చిరకాలంగా వాడుతున్నది 7 మెగాహెర్ట్‌జుల పట్టీ. దానికి ఇరవై మీటర్ల పైచిలుకు తీగ కావాలి. మన పట్టణాలలో మధ్యతరగతి మనిషి కొనగలిగే జాగా నూట యాభై గజాలు, అంటే ముప్పై అడుగులు నలభై అయిదు అడుగులు. మూలనుండి మూలకు కొలిచినా పదహారున్నర మీటర్లకు మించదు. అందులో ఇల్లు పోగా మిగిలే పెరడెంతో మీరే ఊహించుకోండి. నాలుగు మీటర్ల కొరత. ఆ కొరతను ఎట్లా పూడ్చుకోవాలన్నది సాంకేతిక సమస్య. అసలు ఆ తీగ కట్టుకొనడానికి ఎవరి అనుమతి కావాలి, ఎవరికి భయపడాలి అన్నది చరిత్ర. మా దగ్గర ఈ రెండూ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి.

ఇండ్లపై తీగలు కట్టడం ఇక్కడ హాములతో మొదలు కాలేదు. 1933లో హైదరాబాదులో మహబూబ్ అలీ అనే తపాలాశాఖ ఉద్యోగి సొంతంగా ఒక చిన్న రేడియో కేంద్రాన్ని నెలకొల్పాడు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొన్నది. అదే దక్కన్ రేడియో. తరువాత సరూర్‌నగర్‌లో పెద్ద ప్రసారిణి వచ్చింది, 411 మీటర్ల మధ్యతరంగంపై. 1950 ఏప్రిల్ 1 నుండి అది ఆకాశవాణిలో భాగమైంది. కరీంనగర్ హైదరాబాదుకు నూట అరవై కిలోమీటర్లు, ఆదిలాబాదు దాదాపు మూడు వందలు. నాటి వాల్వు రేడియోలు అంత దూరపు ధ్వనిని పట్టుకోవాలంటే ఇంటిపై పొడుగాటి తీగ, నేలలో ఎర్తు తప్పనిసరి. మా ఊరి గడీపై రెండు టేకు వాసాల నడుమ అటువంటి తీగ ఉండేదని, ఎర్తు కోసం బావిగట్టు పక్కన ఇనుప గొట్టం పాతి ఉప్పూ బొగ్గులూ పోసి రోజూ నీళ్ళు పోసేవారని మా తాత చెప్పేవాడు. ఊరివాళ్ళకు రేడియో వినబడేది కాదు, తీగ మాత్రం కనబడేది. ఆ తీగ ఉన్న ఇల్లంటే సర్కారుకు దగ్గరి ఇల్లని అర్థమట.

వినే తీగకూ పలికే తీగకూ ఒక భేదం ఉన్నది. వినడానికి ఏ పొడవైనా ఫరవాలేదు. రేడియో సిలోను తెలుగు కార్యక్రమాన్ని బట్టలారవేసే తీగతో విన్నవాళ్ళం మనలో ఎందరో. కానీ ప్రసారం చేయాలంటే తీగ కొలతకు లొంగాలి. లేకుంటే పంపిన శక్తి తిరిగి యంత్రంలోకే వచ్చి దానిని వేడెక్కిస్తుంది. కనుక పలికే తీగ ఎప్పుడూ కొలిచి, తూచి, కావాలని కట్టినట్టు కనబడుతుంది. చూసేవారికి అనుమానం పుట్టేది అక్కడే.

ఆ అనుమానానికి చట్టం అండ కూడా పాతదే. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం బ్రిటిషు ఇండియాలో పుట్టి, విలీనం తరువాత మనకూ వర్తించాయి. లైసెన్సు లేక వైర్‌లెస్ యంత్రం దగ్గర ఉంచుకోవడమే నేరమన్నది రెండో చట్టం. ఒకప్పుడు వినే రేడియోకు కూడా తపాలా కచేరీలో ఏటేటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి వచ్చేదని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మన దేశంలో తొలి హాములు 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్త, ముకుల్ బోస్. 1939లో యుద్ధం రాగానే సర్కారు హాముల లైసెన్సులన్నీ రద్దు చేసి యంత్రాలను అప్పగించమన్నది. 1942లో ఉషా మెహతా తదితరులు బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియోకు యంత్రం సమకూర్చడంలో నారిమన్ ప్రింటర్ అనే హాము చెయ్యి ఉన్నది. అంటే సర్కారు భయానికి బొత్తిగా ఆధారం లేదనలేము. పెట్టెను బియ్యం గుమ్మిలో దాచవచ్చు. తీగను దాచలేము. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా విచారణకు వచ్చేవాడి చూపు మొదట ఇంటికప్పు మీదికే పోయేది.

ఇక మా జిల్లాల సంగతి. హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడు ప్రధానమంత్రి అయిన రాజీవ్ గాంధీ స్వయంగా హాము కావడంతో ఈ అభిరుచికి దేశమంతటా ఆదరణ పెరిగింది. రాజధానిలో పిల్లలు మోర్స్ నేర్చుకొంటున్న ఆ ఏళ్ళలోనే ఇక్కడి పరిస్థితి వేరు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులు, 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం. ఈ వరుసలో ఎక్కడ నిలబడి ఒక మనిషి 'నాకు ప్రసారయంత్రం పెట్టుకొనే అనుమతి ఇవ్వండి' అని దరఖాస్తు చేసుకోగలడు?

నేను చేసుకొన్నాను, 1990ల నడుమ. నిమిషానికి అయిదు మాటల మోర్సు చదివి రెండవ శ్రేణి పరీక్ష గట్టెక్కడం తేలికే. దాని తరువాత పోలీసు విచారణ. వచ్చిన అధికారి మర్యాదస్తుడే. టీ తాగి, పెరట్లో నిలబడి, ఇంకా కట్టని తీగ ఎక్కడినుండి ఎక్కడికి వస్తుందో చూపించమన్నాడు. ఆపైన ఒకే ప్రశ్న: "దీంతోని అన్నలకు వినబడుతదా?" మంచి రేడియో ఉంటే ఎవరికైనా వినబడుతుందని, అందుకే మేము రహస్యాలు మాట్లాడమని, మా నియమాలే అందుకు ఒప్పుకోవని చెప్పాను. అదే వారంలో పక్కింటి పెద్దాయన గోడమీదుగా నన్ను పిలిచి గొంతు తగ్గించి అడిగాడు: "బిడ్డా, గీ తీగెతోని నువ్వు పోలీసోళ్ళకు మాట్లాడుతవా?" ఒకే తీగ, ఇంకా కట్టనైనా లేదు. అప్పటికే రెండు పక్షాలకూ అది శత్రువుదే. ఆ పెద్దాయన భార్యకు మాత్రం రాజకీయం పట్టలేదు. పిడుగు వాళ్ళింటి మీదికి వస్తుందేమోనన్నదే ఆమె దిగులు. ఆ ముగ్గురిలో శాస్త్రీయమైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. తీగను వాన మబ్బు కనబడగానే యంత్రంనుండి విడదీసి ఎర్తుకు కలిపే మీట ఒకటి కిటికీ బయట బిగించి ఆమెకు చూపించాను.

నాకు తెలిసినంతలో ఈ రెండు జిల్లాలలో ఆ రోజుల్లో తీగ కట్టిన కొద్దిమందీ చేసిన ఎంపిక ఒకటే: ఎత్తుకు పోకపోవడం. దూరదర్శన్ ఆంటెన్నా గొట్టం కన్నా తమ తీగ ఎత్తుగా కనబడకూడదు. ఇనుప టవరు మాట తలవకూడదు. దొరికిన సామగ్రి కూడా అందుకు తగినట్టే ఉండేది. బావి మోటార్లు, బోరు మోటార్లు నిండిన జిల్లాలివి. ప్రతి మండల కేంద్రంలో మోటారు వైండింగు దుకాణాలున్నాయి. అక్కడ పద్దెనిమిది గేజి ఎనామిల్ రాగితీగ తూకానికి అమ్ముతారు. దాని రంగు వేపకొమ్మలలో కలిసిపోతుంది. పది అడుగుల దూరంనుండి కంటికి ఆనదు. స్తంభానికి ఆదిలాబాదు అడవి వెదురు. సిర్పూరు కాగితపు మిల్లు పుట్టిందే ఆ వెదురును నమ్ముకొని. మంచి వెదురు రెండు వానకాలాలు ఆగుతుంది, మూడోదానికి మొదలు కుళ్ళుతుంది. పింగాణీ గుడ్లు దొరకకపోతే బోరు గొట్టపు పీవీసీ ముక్కలు. కేబుల్ టీవీ వచ్చిన తరువాత ఒక లాభం కలిగింది. ఖాళీ ప్రదేశంలో డైపోలు నడిమి నిరోధం దాదాపు 73 ఓములు, కేబుల్‌వాళ్ళు వాడేది 75 ఓముల తీగ. వాళ్ళు పారవేసిన ముక్కలు మాకు సరిగ్గా సరిపోయేవి.

నాలుగు మీటర్ల కొరతకు విరుగుడు తలక్రిందుల 'వి' ఆకారం. నడిమి శిఖరాన్ని డాబాపై వెదురుకు కట్టి, రెండు చేతులను ఎదురెదురు మూలలకు దించి, మిగిలిన రెండేసి మీటర్లను నేలవైపు వంచాలి. ప్రసారశక్తిలో ఎక్కువ భాగం తీగ నడిమి భాగానిది, అక్కడ కరెంటు ఎక్కువ కనుక. అందుచేత కొసలు వంగినా నష్టం స్వల్పం. అయితే కొసలవద్ద ఓల్టేజి ఎక్కువ, ముట్టుకొంటే చేయి కాలుతుంది. పిల్లల చేతికి అందని ఎత్తున ఉంచాలి. కోతులకు అందని ఎత్తు మాత్రం మా దగ్గర లేదు. వాటికి తీగ ఊయల. నైలాను తాడుకు బదులు సైకిలు ట్యూబు ముక్కతో కొస కట్టినప్పటినుండి, అవి ఊగినా తీగ సాగిపోయి మళ్ళీ యథాస్థితికి వస్తున్నది.

జాగా మరీ తక్కువైనవారు నిలువు గొట్టాన్ని ఎంచుకోమంటారు. 14 మెగాహెర్ట్‌జులకు అయిదు మీటర్ల అల్యూమినియం గొట్టం చాలు. కానీ దాని క్రింద నేలలో రేడియల్ తీగలు పరవాలి. వంకాయ మళ్ళలో వాటిని పూడ్చవచ్చు గానీ మే నెలలో మా ఎర్రనేల ఎండి ఇటుక వలె అవుతుంది. పైగా నిలువు గొట్టం తరంగాన్ని దిఙ్మండలం వైపు పంపుతుంది. రాత్రిపూట ఐరోపా పలుకుతుంది, హైదరాబాదు పలకదు.

ఇక్కడే నాకు ఎంతో నచ్చిన విషయం చెప్పాలి. పుస్తకాలన్నీ డైపోలును అర్ధతరంగం ఎత్తున, అంటే 7 మెగాహెర్ట్‌జులకు ఇరవై మీటర్ల ఎత్తున కట్టమంటాయి. అది ఆరంతస్తుల మేడ. మేము కట్టింది అయిదారు మీటర్లు. అంత తక్కువ ఎత్తు తీగ శక్తిని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతుంది. అయనావరణం దానిని చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర గొడుగు పట్టినట్టు క్రిందికి దింపుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యాలు వాడుకొన్న పద్ధతి ఇది. కొండ అడ్డం రాదు, అడవి అడ్డం రాదు. కరీంనగర్‌నుండి హైదరాబాదు, ఆదిలాబాదునుండి నాగపూరు, పగటిపూట పక్కవీధితో మాట్లాడినట్టుంటుంది. భయంవల్లా పేదరికంవల్లా తక్కువ ఎత్తున కట్టిన తీగే మాకు కావలసిన దూరాలకు సరైన తీగ అయింది. టవరు లేనిదే హాము కాదని నగరాలనుండి సలహాలిచ్చే పెద్దలతో నాకు ఇప్పటికీ ఈ విషయంలో పేచీయే.

ఈ దూరాలు ఎందుకు ముఖ్యమో 1999 ఒడిశా తుపాను, 2001 భుజ్ భూకంపం చూపాయి. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమానులకు వెళ్ళింది. పదిహేడేళ్ళ తరువాత అక్కడినుండి ఔత్సాహిక ప్రసారానికి అనుమతి దొరికిన సందర్భమది. ప్రపంచంలోని హాములతో సరదాగా మాట్లాడటానికి పెట్టిన కేంద్రం. 26వ తేదీన సునామీ వచ్చేసరికి దీవులకూ బయటికీ నడుమ కబురు మోసే తీగ అదే అయింది. మాకు సముద్రం లేదు గానీ గోదావరి ఉన్నది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు విడుదల సామర్థ్యాన్ని మించిన వరద వచ్చి క్రిందనున్న ఊళ్ళను ఖాళీ చేయించిన రాత్రి, నేను లారీ బ్యాటరీని చార్జింగులో పెట్టుకొని కూర్చున్నాను. అక్కర పడలేదు. సెల్ టవరుకు కరెంటు ఆగితే మిగిలేది ఇంత తీగ, పన్నెండు ఓల్టులు.

యంత్రం సంగతి ఒక్క పేరాలో ముగిస్తాను. 2003 ప్రాంతంలో హైదరాబాదు హాము అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ ఈ అభిరుచిని మా బోటివారికి అందుబాటులోకి తెచ్చింది. కొళాయి వాషర్లపై తీగ చుట్టి చేసిన కాయిళ్ళు, టీవీ బాలన్ కోర్లు, ఆరేడు వాట్ల శక్తి. మొదటి నమూనా 14 మెగాహెర్ట్‌జులది. దానికి డైపోలు పది మీటర్లే, నూట యాభై గజాలలో వంపు లేకుండా పడుతుంది. విదేశాలవారు కూడా దానిని కట్టుకొన్నారు.

నేటి సమస్య వేరు. ఇప్పుడు తీగను చూసి ఎవరూ భయపడరు, ఇంటర్నెట్టు కేబులు అనుకొంటారు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా వచ్చింది. కానీ ప్రతి ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు. ఒక్కొక్కటీ సన్నగా రొద చేస్తుంది. ఇళ్ళు దగ్గరయ్యేకొద్దీ ఆ రొదంతా పెరటి తీగలోకి చేరి బలహీనమైన గొంతులను మింగేస్తున్నది. తీగను ఇంటినుండి మూడు నాలుగు మీటర్లు పక్కకు జరిపి, కేబులుకు ఫెర్రైటు పూసలు తొడిగితే కొంత ఉపశమనం. అదీ చాలకపోతే నాలుగింటికి లేచి, వీధి నిద్రలేవకముందే వినాలి. గత వేసవిలో మా వాడకట్టుకు ట్రాన్స్‌ఫార్మరు కాలి రెండు గంటలు కరెంటు పోయినప్పుడు, ఏళ్ళ తరువాత 7 మెగాహెర్ట్‌జుల పట్టీ పూర్తిగా నిశ్శబ్దంగా దొరికింది. నాగపూరు, విజయవాడ, బెంగుళూరు వరుసగా పలికాయి. పక్కింటాయన కొడుకు గోడమీదుగా, కరెంటు ఎప్పుడొస్తదో ఆ రేడియోలో చెప్తరా అంకుల్ అని అడిగాడు.