ఆన్‌లైన్ వీడియోల్లోని సంగీతంపై కాపీరైట్ క్లెయిములు

ఎవరో నెట్‌లో పెట్టిన వీడియోలో ఒక పాట గానీ, నేపథ్య సంగీతం గానీ వినిపిస్తుంది. అది తమదని హక్కుదారులు ఆ వేదికకు తెలియజేస్తారు. దీన్నే కాపీరైట్ క్లెయిమ్ అంటారు. దాని ఫలితంగా వీడియో తొలగిపోవచ్చు, శబ్దం మ్యూట్ కావచ్చు, కొన్ని దేశాల్లో కనిపించకపోవచ్చు, లేదా ప్రకటనల ఆదాయం హక్కుదారుకు వెళ్లవచ్చు. యూట్యూబ్‌లో క్లెయిమ్, స్ట్రైక్ ఒకటి కావు. క్లెయిమ్ ఆ ఒక్క వీడియోకే పరిమితం. చట్టప్రకారం తొలగింపు నోటీసు అందితే వచ్చేది స్ట్రైక్. 90 రోజుల వ్యవధిలో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానల్ మూతపడే ప్రమాదం ఉంది.

ఒక పాటలో ఒకటికి మించిన హక్కులుంటాయి. సాహిత్యం రచయిత కృషి, బాణీ సంగీత దర్శకుడి సృష్టి. వాటిని స్టూడియోలో పాడించి నమోదు చేసిన రికార్డింగ్‌కు వేరే హక్కు ఉంటుంది. సొంత గొంతుతో పాడిన కవర్ సాంగ్‌లో రికార్డింగ్ హక్కు ప్రసక్తి రాదు కానీ బాణీ, సాహిత్యాల హక్కు అలాగే నిలుస్తుంది. వీడియోలపై వచ్చే వివాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

పూర్వరంగం

ముద్రిత గ్రంథాలకు రక్షణనిచ్చిన చట్టం ఇంగ్లండులో 1710లో అమల్లోకి వచ్చింది. అచ్చువేసిన స్వరలిపికీ అది వర్తిస్తుందని 1777లో యోహాన్ క్రిస్టియన్ బాఖ్ వేసిన దావాలో తీర్పు వెలువడింది. బహిరంగ ప్రదర్శనలకు రుసుము వసూలు చేసే స్వరకర్తల సంఘం ప్యారిస్‌లో 1851లో ఏర్పడింది. దేశాల మధ్య పరస్పర రక్షణకు 1886లో బెర్న్ ఒప్పందం కుదిరింది. గ్రామఫోన్, రేడియో, క్యాసెట్ వచ్చిన ప్రతిసారీ చట్టాలు సవరణకు లోనయ్యాయి.

1998 అమెరికా చట్టం

నేటి పద్ధతికి పునాది 1998 అక్టోబరులో అమెరికా చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం. వాడుకరులు పెట్టే సరుకుకు వేదికలు ముందుగా బాధ్యత వహించనక్కర్లేదని, హక్కుదారు నోటీసు ఇచ్చాక వెంటనే తొలగిస్తే చాలని దాని 512వ సెక్షన్ చెప్పింది. వీడియో పెట్టిన వ్యక్తి ప్రతి నోటీసు ఇవ్వవచ్చు. ఆపైన 10 నుంచి 14 పనిదినాల్లోగా హక్కుదారు కోర్టుకు వెళ్లకపోతే వీడియోను పునరుద్ధరించాలి. ఉభయపక్షాల మాటా వినే ఏర్పాటు అందులో ఉంది. అయితే చట్టం రాసినవారు ఊహించినది మనుషులు రాసే నోటీసులనే గాని, యంత్రాలు రోజూ లక్షల్లో జారీచేసే క్లెయిములను కాదు.

యూట్యూబ్ తొలి ఏళ్లు (2005–2009)

యూట్యూబ్ 2005 ఫిబ్రవరిలో మొదలైంది. 2006 అక్టోబరులో దాన్ని 165 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ ప్రకటించింది. 2007 మార్చిలో వయాకామ్ అనే మీడియా సంస్థ కాపీరైట్ ఉల్లంఘన ఆరోపిస్తూ, 100 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ యూట్యూబ్‌పై దావా వేసింది. 2010లో కింది కోర్టు యూట్యూబ్ పక్షాన తీర్పిచ్చింది. 2012లో అప్పీలు కోర్టు దాన్ని కొంత తిరగదోడింది. 2013లో కింది కోర్టు మళ్లీ యూట్యూబ్‌నే సమర్థించింది. 2014 మార్చిలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

ఆ దావా నడుస్తుండగానే, 2007 అక్టోబరులో, యూట్యూబ్ తన గుర్తింపు వ్యవస్థను ప్రకటించింది. అదే తర్వాత కంటెంట్ ఐడీగా ప్రసిద్ధమైంది. 2008 డిసెంబరులో వార్నర్ మ్యూజిక్‌తో చర్చలు విఫలమయ్యాక, ఆ సంస్థ పాటలున్న ఇంటి వీడియోలు ఎన్నో మరుసటి నెలలో మ్యూట్ అయ్యాయి. 2009 సెప్టెంబరులో మళ్లీ ఒప్పందం కుదిరింది.

క్లెయిమ్ ఇరుపక్షాలకూ మేలు చేయగలదని చూపిన ఘటన కూడా అదే ఏడాది జరిగింది. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పెళ్లిలో వధూవరులు, వారి బృందం క్రిస్ బ్రౌన్ పాటకు నృత్యం చేస్తూ చర్చిలోకి వచ్చారు. జూలైలో నెట్‌లో పెట్టిన ఆ వీడియో విపరీతంగా వ్యాపించింది. హక్కుదారు దాన్ని తీయించలేదు. ప్రకటనలు వేసి, పాట కొనుక్కునే లంకె జోడించారు. ఏడాది పాతదైన ఆ పాట మళ్లీ అమ్మకాల పట్టికల్లో పైకి ఎగబాకింది. తొలగింపుకన్నా ఆదాయపు వాటా మేలన్న ఆలోచన బలపడటానికి ఈ ఉదాహరణ తోడ్పడింది.

లెంజ్ కేసు (2007–2018)

2007 ఫిబ్రవరిలో స్టెఫనీ లెంజ్ అనే మహిళ తన చిన్న కొడుకు వంటింట్లో ఆడుతున్న 29 సెకన్ల వీడియోను యూట్యూబ్‌లో పెట్టింది. వెనకాల ప్రిన్స్ పాడిన పాట అస్పష్టంగా వినిపిస్తోంది. జూన్‌లో యూనివర్సల్ సంస్థ నోటీసుతో వీడియో తొలగిపోయింది. ఆమె ప్రతి నోటీసు ఇచ్చి దాన్ని తిరిగి తెప్పించుకుంది. అంతటితో ఆగకుండా, డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సాయంతో జూలైలో సంస్థపైనే దావా వేసింది. సముచిత వినియోగం (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) అవునా కాదా అని చూడకుండానే నోటీసు ఇచ్చారన్నది ఆమె వాదన.

దావా పదకొండేళ్లు సాగింది. నోటీసు పంపేముందు సముచిత వినియోగాన్ని పరిగణించి తీరాలని తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2015 సెప్టెంబరులో చెప్పింది. అయితే, సంస్థ తన అభిప్రాయాన్ని నిజాయితీగా నమ్మితే చాలునని కూడా అంది. 2017 జూన్‌లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. 2018లో రాజీ కుదిరింది. పరిహారం మాట ఎలా ఉన్నా, సామాన్యురాలి ఇంటి వీడియోకూ చట్టంలో చోటుందని నిరూపించిన ఈ పట్టుదల గల పోరాటం ఈ రంగంలో గొప్ప మైలురాయి.

కంటెంట్ ఐడీ పనితీరు

హక్కుదారు తన రికార్డింగ్‌ను యూట్యూబ్‌కు ఇస్తే, వ్యవస్థ దాని నుంచి ఒక శబ్ద ముద్ర తయారుచేసి దాచుకుంటుంది. ఎక్కించే ప్రతి వీడియోనూ ఆ ముద్రలతో పోల్చి చూస్తుంది. పోలిక కుదిరితే వీడియోను అడ్డుకోవాలా, ప్రకటనల ఆదాయం తీసుకోవాలా, ఊరికే వీక్షణల లెక్క చూసుకోవాలా అన్నది హక్కుదారు ముందే నిర్ణయించి ఉంచుతాడు. ఈ పరికరం పెద్ద లేబుళ్లు, పంపిణీదారుల వంటి ఎంపికైన వారికే అందుబాటులో ఉంటుంది.

పోలికను యంత్రం పట్టగలదు. ఆ వాడకం సమీక్ష కోసమా, పాఠం చెప్పడం కోసమా, వీధిలో మైకు మోగుతుంటే యాదృచ్ఛికంగా దొర్లిందా అన్నది దానికి తెలియదు. కోర్టులో నిరూపణ భారం ఆరోపించినవారిది. ఇక్కడ క్లెయిమ్ ముందు పడుతుంది, తప్పు కాదని చెప్పుకోవడం వీడియో పెట్టినవారి వంతవుతుంది. అభ్యంతరం తెలిపితే హక్కుదారుకు 30 రోజుల గడువుంటుంది, తొలి నిర్ణయం అతనే చేస్తాడు.

పొరపాటు క్లెయిములు, మోసాలు

2012లో ఆరుబయట తీసిన ఒక వీడియోలోని పక్షుల కూతలను ఒక సంగీత లైసెన్సింగ్ సంస్థ తనవిగా క్లెయిమ్ చేసి, విమర్శలు వచ్చాక వదులుకుంది. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఒక సంగీత సాంకేతిక నిపుణుడు, తాను తయారుచేసిన పది గంటల తెల్ల శబ్దం (వైట్ నాయిస్) వీడియోపై ఐదు క్లెయిములు వచ్చాయని వెల్లడించాడు. అదే ఏడాది సెప్టెంబరులో పియానో విద్వాంసుడు జేమ్స్ రోడ్స్ ఇంట్లో వాయించి ఫేస్‌బుక్‌లో పెట్టిన బాఖ్ రచనలో 47 సెకన్లు సోనీ మ్యూజిక్‌వని క్లెయిమ్ వచ్చింది. ఆ రచన చేసిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1750లోనే మరణించాడు. ప్రజలు నిరసించాక క్లెయిమ్ తొలగింది.

మోసాలు ఇంతకన్నా తీవ్రమైనవి. తమవి కాని 50,000కు పైగా పాటలను తమవిగా నమోదుచేసి, 2 కోట్ల డాలర్లకు పైగా రాయల్టీలు కాజేశారని 2021లో అమెరికాలోని అరిజోనాలో ఇద్దరిపై అభియోగాలు మోపారు. నష్టపోయినవారిలో ఎక్కువమంది లాటిన్ అమెరికా సంగీతకారులు. తమ పాటలపై డబ్బు ఎవరో తీసుకుంటున్నారన్న సంగతే వారిలో చాలామందికి తెలియదు.

నిబంధనల సవరణలు

2016లో ఒక న్యాయమైన మార్పు వచ్చింది. అభ్యంతరం తేలేవరకు ఆదాయం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి, గెలిచినవారికి చెల్లిస్తామని యూట్యూబ్ చెప్పింది. 2019 జూలై నుంచి, చేత్తో క్లెయిమ్ చేసేవారు పాట ఏ నిమిషంలో ఉందో చూపాల్సి వచ్చింది. అతి చిన్న సంగీత శకలాలకు, అనుకోకుండా వినిపించిన పాటలకు చేత్తో క్లెయిమ్ చేసి ఆదాయం తీసుకోవడాన్ని అదే ఏడాది నిషేధించారు. అయితే యంత్రం వేసే క్లెయిములకు ఇది వర్తించలేదు. అభ్యంతరాన్ని హక్కుదారు తిరస్కరిస్తే వీడియో పెట్టినవారు అప్పీలు చేయవచ్చు; 2022లో ఆ అప్పీలుపై హక్కుదారు స్పందించాల్సిన గడువును 30 రోజుల నుంచి 7 రోజులకు కుదించారు.

భారతదేశంలో

భారత కాపీరైట్ చట్టం 1957 నాటిది. సినిమా పాటపై మొదటి హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. గీత రచయిత, సంగీత దర్శకుడు రాయల్టీలో సమాన వాటాను వదులుకునేలా రాయించుకోకూడదని 2012 సవరణ స్పష్టం చేసింది. దీనికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ చేసిన కృషి ప్రశంసనీయం.

వేదికల బాధ్యతను తేల్చిన కేసు సూపర్ క్యాసెట్స్‌కు, మైస్పేస్ అనే సామాజిక మాధ్యమ వేదికకు మధ్యది. టీ-సిరీస్ పేరుతో పాటలు విడుదల చేసే సూపర్ క్యాసెట్స్ 2007లో యూట్యూబ్‌పై దావా వేసి, 2011లో లైసెన్స్ ఒప్పందంతో ముగించింది. ఆ టీ-సిరీసే 2019 మే నెలలో 10 కోట్ల చందాదారులను సాధించిన తొలి యూట్యూబ్ ఛానల్ అయింది. మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఏక న్యాయమూర్తి 2011లో వేదికను తప్పుపట్టారు. 2016 డిసెంబరు 23న ధర్మాసనం ఆ తీర్పును మార్చింది. ఫలానా పాట ఫలానా చోట ఉందన్న స్పష్టమైన ఎరుక ఉంటేనే వేదిక బాధ్యురాలని చెప్పింది.

2013 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో వేదిక ఆ సరుకును నిలిపివేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే పునరుద్ధరించవచ్చు. విమర్శ, సమీక్ష, వ్యక్తిగత వినియోగం వంటి అవసరాలకు 52వ సెక్షన్ మినహాయింపులిస్తుంది. ఇన్ని సెకన్ల లోపు వాడుకుంటే తప్పు లేదన్న నమ్మకం బాగా వ్యాపించింది గాని, చట్టంలో అలాంటి పరిమితి లేదు. పెళ్లి ఊరేగింపు వంటి వేడుకల్లో పాట వినిపించడానికి మినహాయింపు ఉంది. ఆ పాటతో వీడియో నెట్‌లో పెట్టుకోవచ్చని మాత్రం ఆ నిబంధన చెప్పదు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలు సొంత ఛానళ్లు నడిపే కాలంలో ఈ తేడా ముఖ్యమైంది.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను భారత్ నిషేధించింది. మరుసటి నెలలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడ మొదలైంది. దాని మాతృసంస్థ ఫేస్‌బుక్ అప్పటికే టీ-సిరీస్, సరిగమ వంటి లేబుళ్లతో ఒప్పందాలు చేసుకుంది. అయితే ఆ వేదికలోని పాటల నిధి వ్యక్తిగత వినియోగానికే గాని వ్యాపార ప్రచారానికి కాదు.

తెలుగు సంగీతం

తెలుగు సినిమా పాటల హక్కులు ఆదిత్య మ్యూజిక్, లహరి మ్యూజిక్, సరిగమ వంటి లేబుళ్ల వద్ద ఉన్నాయి. డ్యాన్స్ కవర్లు, సినిమా సమీక్షలు, పెళ్లి వీడియోలు చేసేవారికి ఎదురయ్యే క్లెయిములు ప్రధానంగా ఇలాంటి లేబుళ్ల నుంచే.

పాత పాటల విషయంలో గడువులు గమనించదగ్గవి. రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ పాటల రికార్డింగ్ హక్కు ఈ లెక్కన 2017తో ముగిసింది. కానీ సాహిత్యం, బాణీల హక్కు కర్త మరణించిన తర్వాత 60 ఏళ్లు నిలుస్తుంది. ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. అందువల్ల సాహిత్యంపై హక్కు 2031 వరకు ఉంటుంది. ఆ చిత్ర సంగీత దర్శకుడు ఘంటసాల 1974లో మరణించారు గనుక ఆయన కట్టిన బాణీలకు 2034 వరకు రక్షణ ఉంది.

కర్ణాటక సంగీతంలో పరిస్థితి వేరు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజుల రచనలు ఎవరి సొత్తూ కావు. 1847లో కన్నుమూసిన త్యాగరాజు కృతిని ఎవరైనా పాడుకోవచ్చు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రికార్డింగ్ మాత్రం దాన్ని విడుదల చేసిన సంస్థదే. ఒకే కృతి, ఒకే రాగం, ఒకే తాళం, వెనక ఒకే తంబుర శ్రుతి ఉన్నప్పుడు ఒకరి గానాన్ని మరొకరి రికార్డింగ్‌గా యంత్రం పొరబడే వీలుంది. అలాంటి క్లెయిమ్ పడితే, కృతి కర్త, కాలం తెలిపి, పాడింది తామేనని వివరిస్తూ అభ్యంతరం దాఖలు చేసే హక్కు గాయకులకు ఉంది.

ఇతర దేశాలు, వేదికలు

జర్మనీలో స్వరకర్తల సంఘం గెమాకు, యూట్యూబ్‌కు రుసుముపై తగాదా రావడంతో 2009 నుంచి 2016 నవంబరు వరకు అక్కడ ఎన్నో పాటలు కనిపించలేదు. 2019లో యూరోపియన్ యూనియన్ కాపీరైట్ ఆదేశపు 17వ అధికరణ, లైసెన్స్ పొందే బాధ్యతను పెద్ద వేదికలపై ఉంచింది. 2020లో ప్రత్యక్ష ప్రసారాల వేదిక ట్విచ్‌లో పాత ప్రసారాలపై నోటీసులు వెల్లువెత్తగా, ఎంతోమంది తమ వీడియోలను తామే చెరిపేసుకున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి మే వరకు యూనివర్సల్ తన పాటలను టిక్‌టాక్‌కు ఇవ్వలేదు.

గణాంకాలు

యూట్యూబ్ తన తొలి కాపీరైట్ పారదర్శకత నివేదికను 2021 డిసెంబరులో వెలువరించింది. 2021 తొలి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ ద్వారా 72 కోట్లకు పైగా క్లెయిములు వచ్చాయి. వాటిలో 99 శాతానికి పైగా యంత్రం వేసినవే. అభ్యంతరం తెలిపింది ఒక శాతం లోపే. కానీ అభ్యంతరాలు వచ్చినవాటిలో 60 శాతం వీడియో పెట్టినవారి పక్షాన తేలాయి. ఇలా వీగిపోయిన క్లెయిములే 22 లక్షలకు పైగా ఉన్నాయి. వ్యవస్థ ద్వారా హక్కుదారులకు 2022 చివరినాటికి 900 కోట్ల డాలర్లు అందాయి. పాటకు ప్రతిఫలం అందించడంలో ఈ వ్యవస్థ సాధించినది చిన్నది కాదు. ఆ 60 శాతాన్ని చూస్తే, అన్యాయంగా పడిన క్లెయిమును మౌనంగా ఒప్పుకోకుండా అభ్యంతరం చెప్పడం ఎంత అవసరమో కూడా తెలుస్తుంది.