మంచము ప్రక్కన ఎవరున్నారు?

ఆదివారము ఆబిడ్స్‌లో ఆరాధన ముగిసిన తరువాత, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు చూస్తూ నాంపల్లి వైపు నడచిన వారు మీలో ఎంతోమంది ఉంటారు. రైల్వే స్టేషను దాటి ఇంకొంచెము ముందుకు పోతే రెడ్‌హిల్స్ వస్తుంది. అక్కడ రెండు పెద్ద ఆసుపత్రులున్నాయి. ఒకటి నీలోఫర్, రెండవది క్యాన్సరు ఆసుపత్రి. ఊయల నుండి ముసలితనము వరకు మనిషికి వచ్చే వ్యాధి చరిత్ర అంతా ఆ కొద్దిపాటి దూరములోనే కనబడుతుంది. ఈ దినము మూడు మంచముల దగ్గర ఆగి ఆలోచిద్దాము.

మొదటిది, తల్లి మంచము. ఇస్తాంబుల్‌లో 1916లో పుట్టిన నీలోఫర్, 1931లో ఏడవ నిజాము రెండవ కుమారుడైన మొజ్జంజాకు భార్యగా హైదరాబాదు వచ్చింది. ఆమెకు పిల్లలు కలుగలేదు. 1949లో ఆమెకు ఇష్టమైన పరిచారిక ఒకామె ప్రసవములో మరణించింది. రాజకుమారి ఆ దుఃఖాన్ని కన్నీళ్లతో సరిపెట్టుకోలేదు. తల్లులకు, పిల్లలకు ఆసుపత్రి కావాలని పట్టుబట్టింది. 1953లో నీలోఫర్ ఆసుపత్రి తెరువబడింది. అంతకు ముందు సంవత్సరమే ఆమె వివాహము ముగిసిపోయింది. 1989లో ఆమె పారిస్‌లో కన్నుమూసింది. కడుపు పండని స్త్రీ పేరు వేలాది బిడ్డల తల్లుల నోట నేటికీ పలుకుతున్నది, గమనించారా?

ప్రసవములో తల్లులు మరణించుటకు ముఖ్య కారణములలో ఒకటి రక్తస్రావము. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తము వెళుతుంది. మాయ పడిన వెంటనే గర్భసంచి కండరములు గట్టిగా ముడుచుకొని ఆ నాళములను నొక్కి మూస్తాయి. అవి ముడుచుకోకపోతే గంటల్లోనే ప్రాణము పోతుంది. అందుకే నర్సు మాటిమాటికి పొట్ట మీద చేయి వేసి చూస్తుంది, మూత్రము పోయించుతుంది, బిడ్డను వెంటనే రొమ్ముకు పట్టిస్తుంది. బిడ్డ చప్పరించినప్పుడు గర్భసంచి మరింత ముడుచుకుంటుంది.

రెండవది, బిడ్డ మంచము. అప్పుడే పుట్టిన శిశువు శరీరములో దాదాపు ముప్పావు వంతు నీరే. పెద్దవారిలో అది నూటికి 60 పాళ్లు. అయిదు కిలోల పసివాడు విరేచనములతో అర లీటరు నీరు పోగొట్టుకుంటే, తన బరువులో పదవ వంతు పోగొట్టుకున్నట్టే. అప్పుడు మాడు గుంటపడుతుంది, ఏడ్చినా కన్నీరు రాదు, పొట్ట మీద చర్మము పట్టి వదిలితే మెల్లగా గాని సర్దుకోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగినప్పుడు, సెలైను సీసాలు అయిపోగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు త్రాగించి అనేకుల ప్రాణములు నిలబెట్టాడు. పేగులో చక్కెర లోపలికి పోతూ ఉప్పును, దానితో నీటిని తీసుకొనిపోతుంది. ఓఆర్ఎస్ రహస్యము ఇంతే. అయితే ఆ నీటిని చెంచా చెంచాగా, ఓపికగా, రాత్రంతా త్రాగించే చేయి ఒకటి కావాలి. పాలు మాన్పకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

మూడవది, వృద్ధుని మంచము. 1955లో మొదలైన క్యాన్సరు ఆసుపత్రికి మెహదీ నవాజ్ జంగ్ పేరు ఉన్నది. ఆయన తరువాత 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరు అయ్యాడు. వయసు మీరిన వారిలో రోగము తన గుర్తులను దాచిపెడుతుంది. దాహము తెలియదు. న్యుమోనియా వచ్చినా జ్వరము రాకపోవచ్చు, మాట మాత్రము తడబడుతుంది. దానిని చాదస్తమని త్రోసివేయవద్దు. కదలక పడుకున్న వారికి నడుము క్రింద, మడమల దగ్గర ఎముకకూ పరుపుకూ నడుమ చర్మము నలిగి, రక్తము అందక పుండు పడుతుంది. రెండేసి గంటలకు ప్రక్క మార్చుట మందుకంటె గొప్ప వైద్యము. ఇక నొప్పి సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము మూలాన మన దేశములో రోగులకు మార్ఫిన్ దొరకుట దుర్లభమైపోయింది. 2014లో ఆ చట్టమును సవరించి దారి సుళువు చేశారు. బాగుకాని రోగికి కూడా బాధ తగ్గించవచ్చు. ఆ ఆసుపత్రిలో దానికొరకే ఉపశమన వైద్య విభాగమున్నది.

ప్రియ చదువరీ, సమరయుని కథ మనమెరుగుదుము. అతడు జాలిపడి సాగిపోలేదు. గాయములు కట్టాడు, సత్రములో ఆ రాత్రి దగ్గరుండి చూచుకున్నాడు. మనమైతే ఏమి చేస్తున్నాము? పండ్ల సంచి పట్టుకొని వెళతాము, అయిదు నిమిషములు ప్రార్థించి వచ్చేస్తాము. ఆ మంచము ప్రక్కన మూడు రాత్రులుగా నిద్రలేని కోడలినో కుమారుడినో చూడనే చూడము.

ఈ వారము మీ సంఘములో మంచము పట్టిన వారెవరో అడిగి తెలుసుకొనండి. వెళ్లినప్పుడు ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా త్రాగించండి. నర్సు నేర్పిన ప్రకారము ప్రక్క మార్చుటకు చేయి వేయండి. ఆ ఇంటివారితో, "ఈ రాత్రి మీరు పడుకోండి, నేను కూర్చుంటాను" అని చెప్పండి. చెప్పి, కూర్చోండి.