కచ్చురం నుంచి థార్ దాకా: మన రాళ్ల బాటలు, మొదటి ఆఫ్‌రోడ్ బండి

ఈరోజు మాట్లాడుకునేది ఆఫ్‌రోడ్ బండ్ల గురించి. కానీ కథ షోరూమ్ దగ్గర మొదలవ్వదు, ఎడ్లబండి దగ్గర మొదలవుతుంది. ఎందుకో ముందుకు పోతుంటే మీకే తెలుస్తుంది.

మన వయసు వాళ్లలో ఒక పద్ధతి నడుస్తోంది. ఉద్యోగం వస్తుంది, రెండేళ్లు డబ్బులు దాస్తాం, లోన్ మీద ఒక ఫోర్ బై ఫోర్ కొంటాం. మొదటి ఈఎంఐ కట్టకముందే లైట్లు, పెద్ద బంపర్, టాప్ మీద క్యారియర్, లిఫ్ట్ కిట్ అని లిస్టు రాస్తాం. ఆ లిస్టు ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికాలో మోయాబ్ అనే ఊరి దగ్గర రాళ్ల ఎడారి ఉంది. 1967 నుంచి అక్కడ ఏటా ఈస్టర్ సమయంలో జీపుల పండుగ జరుగుతుంది. ఆ వీడియోలు చూసి మనం జనగామ బండలకు బండి తయారు చేస్తున్నాం. మరి జనగామ బండలు మోయాబ్ బండలు ఒకటేనా?

కాదు. ముందు నేల సంగతి చూద్దాం. మోయాబ్‌ది ఇసుకరాయి. గరుకుగా ఉంటుంది, టైరు పట్టుకుంటుంది. జనగామ వైపు మనది గ్రానైటు. కోట్ల ఏళ్లు ఎండకు వానకు పగిలి, గుండ్లు గుండ్లుగా, పరుపు బండలుగా మారిన నేల. పైన మొరం పలుచగా పరుచుకుని ఉంటుంది. బండ మీద ఆ చిన్న రాళ్లు సైకిల్ బేరింగ్‌లో గోళీల్లాగా పనిచేస్తాయి. పట్టు ఉందనుకున్నచోటే జారిపోతుంది. మహబూబాబాద్ దాటి గూడూరు, కొత్తగూడ వైపు పోతే అడవి, వాగులు, వేర్లు, రాళ్లు అన్నీ కలిసి ఉంటాయి. భూపాలపల్లి చేరేసరికి నేల మళ్లీ మారుతుంది. అది గోదావరి లోయ, బొగ్గు దొరికే నేల. అక్కడ ఇసుకరాయి, ఇసుక రెండూ ఉంటాయి. పాండవుల గుట్టలు చూసినవాళ్లకు ఆ రాయి ఎట్లా ఉంటుందో తెలుసు. అంటే ఒక్క రోజు ప్రయాణంలో మూడు రకాల నేల. ఈ మూడింటి మీద వందల ఏళ్లుగా బండ్లు నడిపినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఏం చేశారన్నదే ఈ ఎపిసోడ్.

మొదటి ఆఫ్‌రోడ్ బండి ఎడ్లబండే. దాని తయారీని ఇంజనీరు కళ్లతో చూడండి. చక్రం పెద్దది, ఎందుకంటే పెద్ద చక్రం రాయిని సులువుగా ఎక్కుతుంది. ఇరుసు ఎత్తులో ఉంటుంది, కింద రాయి తగలదు. మనం ఇప్పుడు గ్రౌండ్ క్లియరెన్స్ అంటున్నది అదే. చక్రం చుట్టూ ఇనుప పట్టా వేయడానికి వడ్రంగి, కమ్మరి ఇద్దరూ కావాలి. పట్టాను చక్రం కంటే జర చిన్నగా చేసి, ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి ఎక్కించి, వెంటనే నీళ్లు పోస్తారు. చల్లారుతూ అది బిగుసుకుని ఆకులన్నిటినీ ఒక్కటిగా పట్టేస్తుంది. ఒక్క మేకు లేకుండా పట్టా నిలబడేది ఆ బిగువుతోనే. బీటెక్ మొదటి సంవత్సరంలో థర్మల్ ఎక్స్‌పాన్షన్ అని మనం పరీక్ష కోసం చదివింది వాళ్లు ఊరి నడుమ చేసి చూపించారు.

బండికి వేలాడుతూ కందెన ఉండేది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసేవారు. ఎక్కడ ఇరుసు అరిస్తే అక్కడ ఆపి రాసుకోవడమే. దారిలో ఏది పాడైనా పక్క ఊళ్లోనే బాగుచేసుకోగలగాలి, అదీ ఆ బండి లెక్క. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ప్రయాణం చేయాలంటే పైన గుడిసెలాగా కప్పు వేసిన కచ్చురం కట్టేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకరు చేతిలో రాయి పట్టుకుని చక్రం వెనకాలే నడిచేవారు. బండి జారితే చక్రం కింద రాయి పడాలి. ఆ మనిషి చేసిన పనినే ఇప్పుడు హిల్ హోల్డ్ అనే ఫీచర్‌గా అమ్ముతున్నారు.

ఈ బండ్లకు అసలు పరీక్ష మేడారం. రెండేళ్లకోసారి మాఘ మాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు జనం బండ్లు కట్టుకుని రోజుల తరబడి నడిచేవారు. బియ్యం, వంటచెరకు, నీళ్లు, ఎడ్లకు గడ్డి అన్నీ బండిలోనే. ఒక్క బండి ఎప్పుడూ పోదు, వరుస కట్టి పోతాయి. ఒకటి దిగబడితే ముందున్న ఎడ్లను విప్పి తెచ్చి జోడిస్తారు. ఇప్పుడు మనం రికవరీ వెహికల్ అంటున్నాం. మేడారం 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వచ్చింది. జిల్లాల పేర్లు మారాయి కానీ ఆ దారిలో ఒంటరిగా పోకూడదన్న నియమం మాత్రం మారలేదు.

తర్వాత మోటారు వచ్చింది. 1932లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. మన ఆర్టీసీకి మూలం అదే. కానీ బస్సుకు రోడ్డు కావాలి. రోడ్డు ఆగిపోయినచోట బస్సు కూడా ఆగిపోతుంది. అక్కడి నుంచి మళ్లీ ఎడ్లబండే, లేదంటే కాలినడకే.

రోడ్డు లేకున్నా పోయే మోటారు బండి కోసం ప్రపంచం యుద్ధం దాకా ఆగాల్సి వచ్చింది. 1940లో అమెరికా సైన్యం ఒక చిన్న, తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని కంపెనీలను అడిగింది. గడువు విని చాలా కంపెనీలు ముందుకే రాలేదు. బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో మొదటి నమూనా చేసి ఇచ్చింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి యుద్ధం ముగిసేలోపు దాదాపు 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. ఆ విల్లీస్ జీపు ఇంజన్ శక్తి ఎంతో తెలుసా? 60 హార్స్ పవర్. ఇప్పటి మామూలు చిన్న కారుకు కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది. మరి ఆ బండి కొండలెట్లా ఎక్కింది? లో రేంజ్ గేరుతో. ఆ గేరు వేస్తే వేగం దాదాపు సగానికి తగ్గి, చక్రం దగ్గర బలం దాదాపు రెట్టింపు అవుతుంది. పైగా బండి బరువు టన్ను చిల్లరే. రాళ్ల మీద గెలిపించింది స్పీడ్ కాదు, నెమ్మది.

అదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతోంది? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. జనగామ అప్పుడు నల్గొండ జిల్లాలో ఉండేది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది. సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబర్ దాకా సాగింది. దళాలు గుట్టలను, అడవులను ఆసరా చేసుకోవడానికి ఒక కారణం సింపుల్. ప్రభుత్వం చేయి రోడ్డు ఉన్నంత దూరమే చాచుకోగలదు. అందుకే మన పల్లెల్లో చాలా కాలం జీపు అంటే సొంత బండి కాదు. జీపు వచ్చిందంటే పోలీసు వచ్చినట్టు, లేదా సర్కారు వచ్చినట్టు.

ఆ జీపును మన దేశంలో అందుబాటులోకి తెచ్చిన కంపెనీ 1945 అక్టోబర్ 2న మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో పుట్టింది. భాగస్వామి గులామ్ మొహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కు మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1940ల చివర్లోనే బొంబాయి మజగావ్‌లో విడిభాగాలు తెచ్చి జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. 1990ల్లో కమాండర్ జీపులు మన రోడ్ల మీదికొచ్చాయి. ఇప్పుడు నలభై దాటినవాళ్లను అడగండి, లోపల, వెనకాల, టాప్ మీద జనంతో నిండిన జీపు ఎట్లా ఉండేదో చెప్తారు. గమ్మత్తు ఏంటంటే ఆ జీపుల్లో చాలావరకు టూ వీల్ డ్రైవ్. అయినా బస్సు పోని ఊళ్లకు పోయాయి. కారణం డ్రైవర్. ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో అతనికి కంఠతా వచ్చు.

2010లో థార్ వచ్చింది. 2020 అక్టోబర్ 2న కొత్త థార్ వచ్చింది. 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, లో రేంజ్ గేరు కంపెనీయే ఇస్తోంది. 2023లో వచ్చిన జిమ్నీది 210 మిల్లీమీటర్లు, దానికీ లో రేంజ్ ఉంది. విల్లీస్ తయారు చేసినవాళ్లు కలలో కూడా ఊహించని బండి ఇప్పుడు షోరూమ్ నుంచి అట్లానే బయటికి వస్తోంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. థార్‌లో 2023 నుంచి టూ వీల్ డ్రైవ్ రకం కూడా ఉంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మొదటి బండికి ఏం చేయించాలి? ఎడ్లబండి వరుసలోనే పోదాం.

మొదటిది చక్రం. డబ్బు పెట్టాల్సింది ముందు ఇక్కడే. మన గ్రానైటు అంచులు టైరు పక్క గోడను కోస్తాయి. నడిమిలో పడిన పంక్చర్ అతికించొచ్చు, పక్క గోడ చీలితే టైరు పోయినట్టే. కంపెనీ సైజులోనే పక్క గోడ గట్టిగా ఉన్న ఆల్ టెరైన్ టైర్లు చాలు. బురద టైర్లు మొరం మీద, తారు రోడ్డు మీద అంత బాగా పనిచేయవు. తర్వాత గాలి. రోడ్డు మీద 30 పీఎస్ఐ దగ్గర ఉంటే, రాళ్ల మీదికి పోయేముందు 20, 22 దాకా దించండి. టైరు మెత్తబడి రాయి ఆకారాన్ని పట్టుకుంటుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. మన ఎండల్లో తక్కువ గాలితో హైవే మీద పోతే టైరు వేడెక్కి పగులుతుంది. కాబట్టి గాలి కొలిచే గేజ్, చిన్న కంప్రెసర్, సరైన స్టెప్నీ తప్పనిసరి.

రెండోది ఇరుసు, అంటే బండి పొట్ట. కింద ఇంజన్ ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్ ఉంటాయి. వాటికి కవచంగా స్కిడ్ ప్లేట్ ఉందో లేదో చూసుకోండి. ఎత్తు పెంచడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఎత్తు పెరిగితే బండి బోర్లా పడే ప్రమాదమూ పెరుగుతుంది.

మూడోది తోడు. రెండో బండి లేకుండా పోవద్దు. లాగే తాడు, షాకిల్స్ కొనండి. తాడును చాసిస్‌కు ఉన్న అసలు హుక్‌కే కట్టాలి. లాగేటప్పుడు తాడుకు దగ్గరలో ఎవరూ నిలబడొద్దు. తెగిన తాడు, ఊడిన హుక్ ప్రాణాలు తీస్తాయి.

నాలుగోది బరువు. టాప్ మీద ఏదీ వద్దు. నీళ్లు, టూల్స్ అన్నీ కింద, కదలకుండా కట్టి పెట్టండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ముందు బిగించే క్రాష్ గార్డులు ఈ సెక్షన్‌కు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది. అంటే మన లిస్టులో ఉన్న పెద్ద బంపర్, లిఫ్ట్ కిట్ డబ్బు ఖర్చే కాదు, చిక్కు కూడా.

ఇక నీళ్లు. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. 2023 జులైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరంతా మునిగితే జనాన్ని హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో మహబూబాబాద్ జిల్లాలో వరద కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకరనే కొట్టుకుపోయింది. రైలు పట్టాలనే వేలాడదీసిన నీళ్లకు రెండు టన్నుల బండి ఒక లెక్కనా? థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోగలదని కంపెనీ చెప్పేది నిలిచిన నీళ్ల గురించి. పారే వాగు బండిని పక్కకు తోస్తుంది. లోతు తెలియని వాగు దగ్గర ఆగిపోవడమే డ్రైవింగ్.

అట్లానే అడవి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో దారి కనిపించింది కదా అని పోవడానికి లేదు, అటవీ శాఖ అనుమతి ఉండాలి. పాండవుల గుట్టల్లో ఆదిమానవులు రాళ్ల మీద వేసిన బొమ్మలున్నాయి. అక్కడికి నడిచే పోండి. పరుపు బండల మీద రైతులు వడ్లు, మిర్చి ఆరబోస్తారు. మనకు ట్రాక్‌లాగా కనిపించేది వాళ్లకు కల్లం.

మొత్తం కలిపి చూస్తే మొదటి ఏడాదికి మంచి టైర్లు, గేజ్, కంప్రెసర్, తాడు, షాకిల్స్, తోడుగా ఇంకో బండి. ఇంతే. మిగిలిన డబ్బు డీజిల్‌కు పెట్టి, ఊరి చుట్టూ ఉన్న బాటల మీద నెమ్మదిగా తిప్పండి. కొనే ముందు ఇంట్లో పెద్దవాళ్లలో ఒకప్పుడు బండి తోలినవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చోండి. చక్రం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలిసినంత ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

ఈరోజుకు ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. జాగ్రత్తగా తోలండి. ఉంటా మరి.