బ్రౌజర్ మొరాయిస్తే ముందు తేదీ చూడండి

దరఖాస్తు గడువు ముగిసే రోజున వెబ్‌సైట్ తెరుచుకోక, కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపిస్తే కంగారు సహజమే. చాలామంది వెంటనే బ్రౌజర్‌ను తొలగించి మళ్లీ వేసుకుంటారు. అంతకుముందే కంప్యూటర్‌లోని తేదీ, సమయం సరిచూసుకోవాలి. ప్రతి సురక్షిత వెబ్‌సైట్‌కూ నిర్ణీత గడువుగల డిజిటల్ ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతే, ఆ పత్రం ఇంకా అమల్లోకి రాలేదని భావించి బ్రౌజర్ అడ్డుకుంటుంది.

సరిచేసిన తేదీ, ప్లగ్ తీసి పెట్టినప్పుడల్లా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయినట్లే. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా 3 వోల్టుల సీఆర్ 2032 రకం ఉంటుంది. ఖరీదు స్వల్పమే. విద్యుత్ తీగ పూర్తిగా తొలగించాకే దానిని మార్చాలి.

తేదీ సరిగానే ఉండి, ఒక్క సైట్ మాత్రమే మొరాయిస్తే ప్రైవేట్ విండోలో తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకుంటే లోపం చాలావరకు కుకీలదో, ఎక్స్‌టెన్షన్లదో అయి ఉంటుంది. ఆ సైట్ కుకీలను మాత్రమే తొలగించాలి. అన్నీ తుడిచేస్తే దాచుకున్న పాస్‌వర్డులూ పోయే ప్రమాదముంది.

విండోస్ 7 కంప్యూటర్లకు క్రోమ్ 109వ వెర్షనే చివరిది. 2023 ఫిబ్రవరి నుంచి వాటికి కొత్తవి రావడం లేదు. కనుక కొన్ని సైట్లు వాటిలో సరిగా పనిచేయకపోవచ్చు. హెచ్చరికను దాటవేసి బ్యాంకు సైట్‌లో వివరాలు నింపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.